ఊపిరి బిగపట్టలేని వారి గుండె

“ఊపిరి తీసుకొని వదలండి, ఇక బిగపట్టండి.” హృదయమునకు ఎమ్.ఆర్.ఐ. తీస్తున్నపుడు రోగికి ఈ మాట పదేపదే వినిపిస్తుంది. ప్రతిసారీ పది, పదిహేను సెకనులు ఊపిరి ఆపాలి. ఆరోగ్యవంతులకు ఇది కష్టము కాదు. కాని ఈ పరీక్ష తరచు అవసరమయ్యేది హృదయ వైఫల్యముతో ఆయాసపడేవారికే. నేను వృత్తిలో ఉన్న రోజులలో ఒక పెద్దాయన పరీక్ష మధ్యలోనే ఆపించుకొని, “నా వలన కాలేదండీ, క్షమించండి” అన్నారు. తప్పు ఆయనది కాదు.

ఊపిరి తీసుకున్నపుడు డయాఫ్రం క్రిందకు దిగుతుంది. దానిపై ఆనుకొని ఉన్న గుండె కూడా ఒక సెంటీమీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కదులుతుంది. యంత్రము ఒక చిత్రమునకు కావలసిన సమాచారమును అనేక హృదయ స్పందనల నుంచి కొద్దికొద్దిగా సేకరిస్తుంది. స్పందనలతో పొంతన కుదర్చడానికి ఇ.సి.జి. ఉన్నది. ఊపిరి కదలిక తోడైతే మాత్రము చిత్రము మసకబారుతుంది. ఎడమ జఠరిక గోడల అంచులు తెలియకపోతే, అది ప్రతి స్పందనకు వెలువరించే రక్తపు శాతము లెక్క తప్పవచ్చు. కొందరు రోగులలో డీఫిబ్రిలేటరు అమర్చాలా, వద్దా అన్న నిర్ణయములో ఆ శాతము 35 లేక అంతకు తక్కువా అన్నది ముఖ్యము. మసక బొమ్మ చిన్న విషయము కాదు.

మార్గములు లేకపోలేదు. నావిగేటరు పద్ధతి డయాఫ్రమును గమనిస్తూ, అది నిర్ణీత స్థానములో ఉన్నపుడు లభించిన సమాచారమునే స్వీకరిస్తుంది. అందువలన సమయము పెరుగుతుంది. రియల్ టైమ్ చిత్రీకరణకు ఊపిరి ఆపనక్కరలేదు. స్పష్టత కొంత తగ్గవచ్చు. లస్టిగ్, డొనొహో, పౌలీలు 2007లో ఎమ్.ఆర్.ఐ.కి అన్వయించి చూపిన కంప్రెస్డ్ సెన్సింగ్, తక్కువ కొలతలతోనే చిత్రమును నిర్మించి ఆ లోటును చాలవరకు పూరిస్తుంది.

ఊపిరి బిగపట్టగలిగిన వారికి పాత పద్ధతి మంచిదే. కాని స్వేచ్ఛగా ఊపిరి తీసుకుంటూ చేసే పరీక్షను, అన్నీ విఫలమైన పిదప కాక, ఆయాసము ఉన్నవారికి మొదటనే ఎంచుకోవాలని నా అభిప్రాయము. కృత్రిమ మేధ సరిదిద్దిన నునుపైన బొమ్మలన్నీ నిజమని నమ్మరాదు. క్రొత్త పద్ధతులను ఆరోగ్యవంతులలోనే కాక, ఆయాసపడే రోగులలో కూడా పరీక్షించి చూడాలి.

ఈ పరీక్షకు వెళ్ళేవారు వెల్లకిల పడుకోలేకపోయినా, ఊపిరి ఆపలేకపోయినా, గుండె లయ తప్పుతున్నా ఆ విషయము ముందే చెప్పండి. సిగ్గుపడనక్కరలేదు. రోగి శక్తికి తగినట్లు పరీక్షను మార్చుకోవలసిన బాధ్యత వైద్యులదే.