ట్రాలీ లాగే డీజిలు ఎవరి ఖాతాలో?

పత్తి సీజను వచ్చిందంటే మొగుళ్లపల్లి మండలం నుండి పరకాల మీదుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు ట్రాక్టర్ల వరస కదులుతుంది. దూరం రమారమి 50 కిలోమీటర్లు. ధర గురించి, పింజ గురించి, తేమ గురించి గేటు దగ్గర ఎంతో చర్చ జరుగుతుంది. ట్రాలీని అంత దూరం లాగిన డీజిలు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కాని ఆ ఖర్చే ఎన్నోసార్లు ధరను నిర్ణయిస్తున్నది. ఈ సంగతి ఖరీదుదారులు, అడ్తిదారులు గమనించవలసి ఉంది.

ఊళ్లలో కిరాయి ఇప్పటికీ ట్రిప్పు లెక్కనే మాట్లాడుకుంటున్నారు. డీజిలు ధరను ప్రభుత్వమే నిర్ణయించిన కాలంలో ఈ పద్ధతికి అర్థం ఉండేది. 2014 అక్టోబరులో డీజిలుపై ధరల నియంత్రణ తొలగింది. 2017 జూన్ 16 నుండి ఏ రోజు ధర ఆ రోజే మారే విధానం వచ్చింది. అయినా కిరాయి లెక్క మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తున్నది. ట్రిప్పు ఎంత అన్నది కాదు, క్వింటాలుకు ఎన్ని లీటర్లు అన్నది అసలు ప్రశ్న.

ట్రాక్టరు, ఖాళీ ట్రాలీ కలిసి మూడున్నర టన్నుల దాకా తూగుతాయి. విడిపత్తి చూపుకు కొండంత ఉన్నా తూకానికి తక్కువ. 20 క్వింటాళ్ల పత్తి తేవాలంటే దాని బరువుకు దాదాపు రెండింతల ఇనుమును అటూ ఇటూ లాగాలి. ఉదాహరణకు పోయిరావడానికి 20 లీటర్లు కాలుతుందనుకుందాం. 20 క్వింటాళ్లు వేస్తే క్వింటాలుకు లీటరు పడుతుంది. అదే ట్రాలీలో 40 క్వింటాళ్ల వడ్లు వేస్తే డీజిలు 24 లీటర్లకు పెరిగినా, క్వింటాలుకు పడేది ఆరు పదుల వంతులే. అంతమాత్రాన పరిమితికి మించి ఎత్తమని కాదు. సగం ట్రాలీతో బయలుదేరడం, ఖాళీగా తిరిగిపోవడం, ఈ రెండే ఎక్కువ నష్టం తెచ్చేవని గ్రహించాలి.

పాశ్చాత్య దేశాలలో సెలవులకు వెళ్లేవారు ఇల్లు వంటి కారవాన్‌ను కారు వెనుక తగిలించుకుని పోతారు. అక్కడ ఇంధనాన్ని ఎక్కువగా తినేది గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. కనుకనే వారు వేగం తగ్గించుకుంటారు. మన ట్రాక్టరుది నిదానపు నడక. దానికి గాలికంటే బరువు, బాట, టైరు ముఖ్యం. పత్తి చేను నుండి తారురోడ్డు ఎక్కేదాకా బురదలో, మెత్తటి మట్టిలో లాగే ప్రతి కిలోమీటరు తారురోడ్డు మీది కిలోమీటరుకంటే ఎన్నో రెట్లు బరువు. ట్రాక్టరు టైర్లలో గాలి చూసేవారు ఉన్నారు గాని, ట్రాలీ టైర్లలో చూసేవారు అరుదు. గాలి తగ్గిన టైరు రోడ్డుకు అంటుకుపోతుంది, ఇంజను ఆ భారాన్ని మోస్తుంది. పెద్ద గేరులో పోగల చోట చిన్న గేరులో రొద చేయించడం, గేటు దగ్గర వరసలో ఇంజను ఆపకుండా నిలబెట్టడం కూడ డీజిలు దుబారాయే.

ఇంతవరకు ఇది ట్రాక్టరు యజమాని సంగతి. వ్యాపారికి సంబంధించిన అసలు సంగతి తేమ. కాటన్ కార్పొరేషన్ కొనుగోలుకు తేమ 8 శాతం దాకా పూర్తి ధర, ఆపైన శాతానికింత కోత, 12 దాటితే కొనుగోలే లేదు. 2025–26 సీజనుకు పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 20 శాతం తేమ ఉన్న 20 క్వింటాళ్ల పత్తిని 10 శాతానికి ఆరబెడితే రెండు క్వింటాళ్ల పైచిలుకు తగ్గుతుంది. అంటే రైతు అంత నీటిని 50 కిలోమీటర్లు లాక్కొచ్చాడన్నమాట.

ఆ సరుకు కేంద్రంలో తిరస్కరించబడితే రైతు ముందు రెండే దారులు. నిండు ట్రాలీని మళ్లీ ఇంటికి లాగడం ఒకటి, అడిగిన ధరకు అక్కడే వదిలిపోవడం మరొకటి. తిరుగు ప్రయాణపు డీజిలు, మళ్లీ రావడానికి కిరాయి, కూలీలు లెక్కవేసుకుని రైతు రెండో దారే పడతాడు. ఆ క్షణంలో ధర పలికించేది పత్తి నాణ్యత కాదు, ట్యాంకులో మిగిలిన డీజిలు. కొందరు వ్యాపారులకు ఇది అనువైన అవకాశంగా కనిపించవచ్చు. కాని తడి పత్తి కుప్పలో వేడెక్కి రంగు మారితే, జిన్నింగు మిల్లులో దూది దిగుబడి, బేలు నాణ్యత దెబ్బతింటే, ఆ భారం చివరకు కొన్నవాడి మీదనే పడుతుంది. పైగా ఒకసారి అలా నష్టపోయిన రైతు మరుసటి ఏడు ఊళ్లోనే దళారికి అమ్ముకుంటాడు, యార్డుకు రాకలు తగ్గుతాయి.

నివారణకు పెద్ద పథకాలేమీ అవసరం లేదు. తేమ కొలిచే యంత్రం ఊళ్లోనే, ట్రాలీ తగిలించక ముందే అందుబాటులో ఉండాలి. రైతులతో బాకీ సంబంధాలున్న అడ్తిదారులు తలా ఒకటి సమకూర్చితే వారికే లాభం. 2025లో కాటన్ కార్పొరేషన్ ప్రవేశపెట్టిన కపాస్ కిసాన్ యాప్ ద్వారా ముందుగా తేదీ ఖరారు చేసుకునే వీలుంది. తేదీ దొరికినా పత్తి ఆరకపోతే ఆ తేదీ వ్యర్థమే గనుక, రెండూ కలిసి నడవాలి. యాప్ వాడలేని రైతుకు అడ్తి గుమాస్తా సాయపడడం కష్టమేమీ కాదు.

రెండవది, కిరాయిని క్వింటాలు లెక్కకు మార్చాలి. అప్పుడు సగం ట్రాలీతో బయలుదేరే అలవాటు తగ్గి, ఇద్దరు ముగ్గురు చిన్న రైతులు కలిసి ఒకే ట్రాలీ కట్టుకుంటారు. అయితే ఎవరి సరుకు వారికి విడిగా తూచాలి. దడవాయి ఈ విషయంలో ఖచ్చితంగా ఉండకపోతే ఈ ఏర్పాటు నిలవదు. మూడవది, తిరుగు సరుకు. ఎరువులు, పశువుల దాణా, పత్తి గింజల చెక్క ఎలాగూ వరంగల్ నుండి పల్లెలకు పోవలసినవే. వాటిని ఖాళీగా పోయే ట్రాలీలకు అప్పగిస్తే రెండు వైపుల కిరాయీ తగ్గుతుంది.

క్వింటాలుకు అర లీటరు మిగిలితే చిన్న విషయంగా తోచవచ్చు. లీటరు 95 రూపాయలు అనుకుంటే 20 క్వింటాళ్ల ట్రాలీకి 950 రూపాయలు. ఒక్క రూపాయి తేడాకు బేరం బిగబట్టే మార్కెట్టు ఇంత మొత్తాన్ని రోడ్డు మీద కాల్చివేయడం వ్యాపార ధర్మం అనిపించుకోదు. తిరిగి వెళ్లగలిగిన రైతే నిజమైన ధర అడగగలడు, నిజమైన ధరకు వచ్చిన సరుకే మిల్లులో నిలుస్తుంది.