గిండీ నుండి హోసూరు దాకా: చదువుకున్న ఆడపిల్ల ఎక్కడ ఆగుతోంది?

దేశంలో ఇంజనీరింగు పట్టా పొందిన తొలి మహిళల్లో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ. పదిహేనేళ్లకు వివాహం, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒడిలో నాలుగు నెలల పసికందు. 1940లో ఆమె గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగంలో చేరారు. పట్టా చేతికి వచ్చేనాటికి పురుషులను ఉద్దేశించి ముందే ముద్రించిన సర్వనామాన్ని కొట్టివేసి, స్త్రీకి తగినట్లు దిద్దవలసి వచ్చింది. తదుపరి కాలంలో భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ లైన్ల రూపకల్పనలో ఆమె పాలుపంచుకున్నారు.

ఈ కథను ధైర్యసాహసాల గాథగా చెప్పుకోవడం పరిపాటి. దాని లోపలి ఏర్పాట్లను గమనించినవారు తక్కువ. తండ్రి పప్పు సుబ్బారావు అదే కళాశాలలో ఆచార్యులు. హాస్టలులో కుమార్తె ఒంటరితనం చూసి, మరి కొందరు బాలికలు చేరేలా ఆయన ప్రకటన ఇప్పించారు. అలా త్రేస్యా, లీలమ్మ సివిల్ విభాగంలో చేరారు. ఉద్యోగకాలంలో పాప పెంపకానికి బంధువర్గం అండగా నిలిచింది. ఆమె ప్రతిభ సామాన్యమైనది కాదు. అయితే వసతి, తోడు, ఇంట బిడ్డను చూసే చేతులు లేకపోతే ఆ ప్రతిభ ఎంతదూరం నడిచేదో ఊహించడం కష్టం కాదు.

నేటి అంకెలు ఈ మాటనే బలపరుస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021–22లో విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరినవారు 57.2 లక్షలు కాగా అందులో విద్యార్థినులు 29.8 లక్షలు, అనగా సగం కన్నా ఎక్కువ. అదే దేశంలో 2018 నాటికి పరిశోధన, అభివృద్ధి పనుల్లో ప్రత్యక్షంగా ఉన్న మహిళలు 16.6 శాతమే. ఆడపిల్లలకు లెక్కలంటే భయమనే పాత మాట ఇక చెల్లదు. తరగతి గదిలో కనిపించిన అమ్మాయి ప్రయోగశాలకు చేరకముందే ఎక్కడో ఆగిపోతోంది.

ఐఐటీలు 2018లో అదనపు సీట్ల విధానం తెచ్చాయి. బాలురకు ఉన్న సీట్లు తగ్గించకుండానే బాలికల వాటాను ఆ ఏడు 14, మరుసటి ఏడు 17, 2020 నాటికి 20 శాతానికి పెంచాలన్నది లక్ష్యం. మంచి చర్యే. కాని అది గడప దాటించే చర్య. గడపదాకా రావడానికి దూరపు పట్టణంలో శిక్షణ, అక్కడ వసతి, రెండేళ్ల ఖర్చు ఉండాలి. కొడుకు కోసం అప్పు చేసే ఇల్లు కూతురి విషయంలో ఆ సొమ్మును పెళ్లికి దాచడం అరుదు కాదు.

దూరం పంపడానికి పెద్దలు జంకుతారన్నది సంప్రదాయమా, ఏర్పాట్ల కొరతా? సమాధానం హోసూరు వద్దే దొరుకుతుంది. కృష్ణగిరి జిల్లాలోని టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనివారిలో అధికులు యువతులే. 2022లో జార్ఖండు గిరిజన యువతులు ప్రత్యేక రైలులో ఇక్కడికి వచ్చారు. జీతం, వసతి, తోటి అమ్మాయిలు ఉన్నపుడు అంత దూరం కూడా కుటుంబాలకు అడ్డు కాలేదు. విడిభాగాలు అమర్చే పనికి ఇంత శ్రద్ధగా సమకూరిన వసతి, ఆ యంత్రాలను రూపొందించే చదువుకు మాత్రం సమకూరదెందుకు?

తమిళనాడు ప్రభుత్వం కొంత చేసింది. 2021లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ఇంజనీరింగు సహా వృత్తివిద్యా కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. 2022 సెప్టెంబరులో పుదుమై పెణ్ పథకం ద్వారా, ప్రభుత్వ బడుల్లో చదివి పైచదువుకు వెళ్లే బాలికలకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వనారంభించింది. సరిహద్దు తెలుగువారు గమనించవలసిన మెలిక ఒకటుంది. 2024 డిసెంబరులో ఈ పథకాన్ని ఎయిడెడ్ బడులకు విస్తరించినపుడు, తమిళ మాధ్యమంలో చదివినవారికే వర్తింపజేశారు. ఎయిడెడ్ బడిలో తెలుగు మాధ్యమాన చదివిన బాలికకు ఆ వెయ్యి అందదు. హాస్టలు ఖర్చులో వెయ్యి పెద్ద మొత్తం కాకపోవచ్చు. పంపుదామా వద్దా అని తటపటాయించే తండ్రికి మాత్రం అది చిన్నది కాదు. తెలుగు సంఘాలు ఏటా జరిపే సన్మానసభలకు మునుపే, ఈ ఒక్క షరతు సవరణ కోసం చెన్నైకి వినతిపత్రం పంపవలసి ఉంది.