మూత్రపరీక్ష లేని ఊరికి డయాలసిస్ పడక

కిడ్నీ చెడిపోయిందంటే జల్లెడ చిరిగిందనుకుంటాం. అంత సులువు కాదు. షుగరు, బీపీ వల్ల కిడ్నీకి దెబ్బ తగిలితే బాగుచేయడానికి మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అక్కడికి చేరతాయి. పని అయ్యాక వెళ్లిపోవాలి. దెబ్బ రోజూ తగులుతూంటే వెళ్లవు. వాపు నిలిచిపోతుంది, కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ మచ్చ మళ్లీ కిడ్నీ కాదు. లూపస్ లాంటి జబ్బుల్లోనైతే రోగనిరోధక శక్తే నేరుగా దాడిచేస్తుంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. వడపోత ఆగి రక్తంలో విషాలు పేరుకుంటే ఆ కణాలే నీరసిస్తాయి. వాపు పుట్టించే బలం ఉంటుంది, క్రిమిని చంపే బలం ఉండదు. డయాలసిస్ రోగులకు హెపటైటిస్-బి టీకా ఎక్కువ మోతాదులో వేసేది అందుకే. ఒంట్లో నిద్రపోతున్న క్షయ కూడా లేస్తుంది. క్షయ గురించి మదనపల్లెకు కొత్తగా చెప్పాలా? ఆరోగ్యవరం శానిటోరియం వెలిసి వందేళ్లు దాటింది. ఇరుకిళ్లు, అరకొర తిండి ఉన్న దళితవాడలో ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో కలిసే ప్రమాదం ఎక్కువ.

తొలిదశలో కిడ్నీ నొప్పెట్టదు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూస్తే పట్టుబడుతుంది. ఖరీదైన పరీక్షలేం కావు. పుంగనూరు వైపు టమోటా కోతకెళ్లే కూలీకి అవి ఎవరు చేస్తారు? డయాలసిస్ దాకా వచ్చాక నెలకు రూ.10,000 పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. కానీ వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు పడక మీదుంటే రోగి కూలీ పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది.

కుప్పంలో ఉన్న వైద్య కళాశాల ప్రైవేటుది. మదనపల్లె ప్రభుత్వ కళాశాలను 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆదోని, మార్కాపురం, పులివెందులతో పాటు పీపీపీకి ఇవ్వాలని నిర్ణయించింది. సీట్లు, రిజర్వేషన్ల మీద మనవాళ్లు చేస్తున్న పోరాటం న్యాయమైనదే. ఓపీలో, పీహెచ్‌సీలో ఈ రెండు పరీక్షలూ ఉచితంగా ఉండాలన్న డిమాండు కూడా అందులో చేరాలి.

ఆ నవంబరులోనే మదనపల్లెలో అక్రమ కిడ్నీ మార్పిడి కేసు బయటపడింది. కిడ్నీ ఇవ్వడానికి విశాఖ నుంచి వచ్చిన మహిళ చనిపోయింది. అవయవాల అమ్మకం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా కొనేవాళ్లున్నారు. కొన్న కిడ్నీని సైతం టీ కణాలు పరాయిదిగానే చూస్తాయి, వాటిని అణచడానికి జీవితాంతం మందులు మింగాలి. ఆ మందులు కొనగలిగినవాళ్లు ఒకవైపు, కిడ్నీ అమ్ముకునేవాళ్లు ఇంకోవైపు.