నీళ్లలో తేలితే చాలదు, కరకట్ట ఎక్కాలి

2025 ఆగస్టు వరదల్లో పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా పల్లెల్లోకి సైన్యం దించిన పెద్ద చక్రాల బండిని టీవీల్లో చాలామంది చూసే ఉంటారు. మనిషెత్తు టైర్లు నాలుగు, వాటి మధ్య ఇనుప గది. నేల మీద వచ్చి, ఆగకుండా నీళ్లలోకి దిగి, తేలుతూ వెళ్లి, చిక్కుకుపోయిన జనాన్ని ఎక్కించుకొచ్చింది. పేరు ఆటోర్ ఎన్1200. షెర్ప్ అనే విదేశీ బండి నమూనా మీద జేఎస్‌డబ్ల్యూ గెకో మోటార్స్ దీన్ని మన దేశంలో తయారు చేస్తోంది. 2023లో సైన్యం 96 బండ్లకు దాదాపు 250 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. లెక్క వేస్తే ఒక్కోటి రెండున్నర కోట్ల పైమాటే. అది చూశాక కృష్ణ ఒడ్డున బతికేవాళ్లకు 'మన దగ్గరా ఇలాంటిదొకటి ఉంటే' అనిపించడం సహజం. ఆ కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే కొనేముందు అందరి కళ్లూ టైర్ల మీదే ఉంటాయి. చూడాల్సింది లోపలి గేర్‌బాక్సుని.

పెనుమూడినే తీసుకుందాం. రేపల్లె పక్కన, కృష్ణ కుడి కరకట్టకు ఆనుకుని ఉన్న ఊరు. అవతలి ఒడ్డున పులిగడ్డ, మధ్యలో 216వ నంబరు జాతీయ రహదారి వంతెన. వంతెన ఉంది కదా అని ఇక్కడి ముప్పు తక్కువ కాదు. కట్టకు లోపల నది మధ్యన లంకలు, కట్టకు బయట నదిలో నీటిమట్టం కంటే పల్లంలో ఉండే ఊళ్లూ పొలాలూ. 2009 అక్టోబరులో ఎగువన ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి నీళ్లు రేపల్లె వైపు మళ్లాయి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వచ్చిన 11.10 లక్షల క్యూసెక్కులే రికార్డు అనుకున్నాం. 2024 సెప్టెంబరు మొదటి వారంలో అది 11.43 లక్షలు దాటింది. కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంకల్లో పసుపు, అరటి, కంద చేలు మునిగాయి. ఇటు కట్ట పొడవునా రైతులు ఇసుక బస్తాలతో రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఈ రెండు వరదల్లోనూ ఎదురైనవి రెండు వేర్వేరు రకాల నీళ్లు. ఒకటి కట్టల మధ్య ఉరుకుతున్న నది. రెండోది చేలల్లో, వీధుల్లో, డొంకల్లో కదలకుండా నిలిచిన నీరు. ఈ రెండింటికీ ఒకే బండి సరిపోతుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది.

చక్రాలతో ఈదే బండికి నీళ్లలో వేగం గంటకు సుమారు 6 కిలోమీటర్లు. టైరు మీది గట్లే తెడ్లు. వేరే పంకా ఉండదు. పది లక్షల క్యూసెక్కుల కృష్ణకు ఎదురు నిలవడానికి ఈ వేగం ఎందుకూ చాలదు. పెనుమూడి రేవులో దిగితే లంకకు చేరే లోపే ప్రవాహం దాన్ని సముద్రం దిక్కుకు లాక్కుపోతుంది. నది దాటే పనికి బలమైన మోటారు బోటే కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇరవై వేలకు పైగా తయారు చేసిన 'డక్' లారీలకు నీళ్లలో నడవడానికి వేరే పంకా బిగించింది అందుకే. అలాంటి లారీలకే తర్వాత పర్యాటకుల సీట్లు వేశారు. వాటిలో ఒకటి 2018 జూలైలో మిస్సోరీ రాష్ట్రంలోని ఓ సరస్సులో గాలివానకు మునిగి 17 మంది చనిపోయారు. తేలడం వేరు, అలలకు తట్టుకోవడం వేరు. ఇక 1977 నవంబరు 19 నాటి ఉప్పెన లాంటిది వస్తే ఏ బండీ అక్కరకు రాదు. ముందుగానే జనాన్ని తరలించడం తప్ప వేరే దారి లేదు.

మరి ఈ చక్రాల బండితో పనేముంది? మోకాలి లోతు నుంచి పీకల్లోతు దాకా నిలిచిన నీళ్లలో ఉంది. బోటు అక్కడ అడుగు తగిలి ఆగిపోతుంది. మునిగిన కాలువ గట్టు, తూము గోడ, కంచె తీగ, పడిపోయిన అరటి బోదెలు, గుర్రపుడెక్క, వీటిలో ఏదో ఒకటి పంకాకు చుట్టుకుంటుంది. ట్రాక్టరైతే దమ్ము చక్రాలు కట్టినా ఇంజన్‌లోకి నీళ్లు పోయేదాకానే. 2024లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జేసీబీలు, ట్రాక్టర్లు, బోట్లు, హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నీ దిగాయి. అయినా బోటు ఆగే చోటికీ ట్రాక్టరు ఆగే చోటికీ మధ్య ఉన్నవాళ్లకు సాయం ఆలస్యంగానే అందింది. ఉభయచర బండికి సరైన చోటు ఆ మధ్యదే. అంటే దాని అసలు పరీక్ష రోడ్డు మీదా కాదు, లోతు నీళ్లలోనూ కాదు. నీరూ నేలా కలిసే ఒడ్డున.

ఆ ఒడ్డున ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. బండి కట్ట వాలుకు చేరుతుంది. ముందు చక్రాలకు ఒండ్రు తగులుతుంది, వెనక చక్రాలు ఇంకా తేలుతూనే ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం నీళ్లే మోస్తున్నాయి కాబట్టి ముందు టైర్ల పట్టు నామమాత్రం. ఈ స్థితిలో యాక్సిలరేటరు తొక్కితే టైర్లు గిర్రున తిరిగి జిగట మట్టిని తోడేస్తాయి, బండి అక్కడే గుంట చేసుకుని కూర్చుంటుంది. చక్రం నెమ్మదిగా, బలంగా, ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరగాలి. పైగా ఈ బండ్లలో చాలావాటికి స్టీరింగుతో తిరిగే ముందు చక్రాలు ఉండవు. ఒక పక్క చక్రాలను ఆపి, రెండో పక్క చక్రాలను తిప్పితేనే మలుపు. కాబట్టి ఇందులో గేర్ల వ్యవస్థ ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చడంతోపాటు స్టీరింగు పని కూడా చేస్తుంది. అది బలహీనమైతే రెండూ పోతాయి.

కెనడాలో తయారయ్యే ఆర్గో లాంటి ఎనిమిది చక్రాల చిన్న బండ్లలో ఇంజను బలం మొదట బెల్టు మీదుగా పోతుంది. గేర్లు లేని స్కూటర్లలో ఉండేదీ ఈ ఏర్పాటే. నడపడం అరగంటలో వస్తుంది. రొయ్యల చెరువు గట్ల మీద తిరగడానికి, మేత బస్తాలు మోయడానికి ఇంతకన్నా అక్కర్లేదు. కానీ ఇసుక బస్తాలతో, నిండా మనుషులతో వాలు ఎక్కేటప్పుడు తక్కువ వేగంలో బెల్టు జారుతుంది, జారితే కాలుతుంది. లోపలికి నీరు చేరితే ఇంకా జారుతుంది. రెండో చిక్కు మలుపు దగ్గర. ఆర్గో పాత నమూనాల్లో రెండు పక్కల మధ్యా డిఫరెన్షియల్ ఉంటుంది. పట్టులేని పక్కకే బలం పారిపోవడం దాని స్వభావం. కట్ట వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు జారే పక్కను డ్రైవరు అదేపనిగా బ్రేకుతో పట్టి ఉంచాల్సిందే. ఈ లోపం తయారీదారులకూ తెలుసు. తర్వాత వచ్చిన ఆర్గో అడ్మిరల్ గేర్‌బాక్సులో మూడు డిఫరెన్షియళ్లు పెట్టి, మలుపులో కూడా రెండు పక్కలకూ బలం అందేలా చేశారు. మాక్స్ అనే ఉభయచర బండ్లది మరో పద్ధతి. టీ-20 అనే గేర్‌బాక్సులో ఒక్కో పక్కకూ విడిగా క్లచ్చు, బ్రేకు పట్టీలు ఉంటాయి. లివరు లాగనంతసేపూ రెండు పక్కలూ కలిసే తిరుగుతాయి. తిన్నగా పోవడంలో ఇది మేలు. పట్టీలు అరిగినకొద్దీ సర్దుబాటు చేస్తూ ఉండాలి, అంతే. షెర్ప్‌లో, ఆటోర్‌లో మామూలు క్లచ్చు, చేత్తో మార్చే గేర్లు. తెనాలిలో ఏ ట్రాక్టరు మెకానిక్కుకైనా వాటి సంగతి తెలుసు. అయితే బురదలో గేరు మార్చడానికి క్లచ్చు తొక్కిన ఆ ఒక్క క్షణమే బండి ఊపు పోతుంది. అలవాటు లేని డ్రైవరు సగం క్లచ్చు మీద నిలబెట్టి ప్లేటు కాల్చేస్తాడు.

మిగిలింది హైడ్రోస్టాటిక్. ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనె ఒత్తిడితో మోటార్లను నడుపుతుంది. గేరు మార్చే పనే లేదు. లివరు ఎంత తోస్తే అంత వేగం, వెనక్కి లాగితే వెనక్కి. అమెరికాలో తయారయ్యే హైడ్రాట్రెక్ అనే ఉభయచర బండి పూర్తిగా ఈ పద్ధతిదే, నీళ్లలో పంకాను కూడా నూనె ఒత్తిడితోనే తిప్పుతుంది. ఇది మనకెక్కడి విద్య అనుకోనక్కర్లేదు. డెల్టాలో తడి చేలల్లో వరి కోసే చైను మిషన్లు నడిచేది హైడ్రోస్టాటిక్ మీదే. దిగబడే నేలలో, ఒక పక్క చైను ఆపి రెండో పక్క తిప్పుతూ, గంటల తరబడి నెమ్మదిగా పోవడమే వాటి ఆపరేటర్ల రోజువారీ పని. కట్ట అంచున కావాల్సింది సరిగ్గా ఆ చేతినేర్పే. పశ్చిమ డెల్టాలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరులో మొదలవుతాయి, కృష్ణకు పెద్ద వరదలు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వస్తాయి. వరద రోజుల్లో ఆ ఆపరేటర్లకు కోత పని ఉండదు. చాలా మిషన్లు, వాటితో మనుషులూ బయటి జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వస్తారన్నది నిజమే. స్థానికంగా ఉన్న కొద్దిమందిని గుర్తించి ఏటా జూలైలో తర్ఫీదు ఇస్తే సరిపోతుంది.

హైడ్రోస్టాటిక్‌కు లోపాలు లేవని కాదు. ఇంజను బలంలో కొంత నూనె వేడెక్కడానికే పోతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. నూనెలో ఒండ్రు నీరు కలిసిందా, పంపు బాగుచేయించే ఖర్చు క్లచ్చు ప్లేటు ఖర్చుతో పోల్చేది కాదు. ఏడాదిలో పది నెలలు షెడ్డులో పడుకునే బండికి సీళ్లు ఎండి పగిలే ప్రమాదమూ ఉంది. నిజానికి ఎక్కువమంది లేవనెత్తే అభ్యంతరం ఇదే: ఎప్పుడో వచ్చే వరదకు కోట్లు పోసి బండి కొని మూల పెట్టడమా, ఆ డబ్బుతో కట్టే గట్టి చేసుకోవచ్చు కదా? కట్ట బలపరచడం ముందు జరగాలి, అందులో రెండో మాట లేదు. కానీ కట్ట బలపడినా కట్ట లోపలి లంకలు మునుగుతూనే ఉంటాయి. ఊరికొక బండి అని ఎవరూ అడగడం లేదు. రేపల్లెకు ఒకటి, కొల్లూరు వైపు ఒకటి ఉంటే మొదటి రెండు రోజుల పని నడుస్తుంది. మిగతా కాలంలో కట్ట మీద గస్తీకి, వానకు రోడ్డు తెగిన లంకకు మందులు చేర్చడానికి, నిజాంపట్నం మడ నేలల్లో అటవీశాఖ పనులకు వాడితే షెడ్డులో తుప్పు పట్టదు. కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉందిగా అంటారు కొందరు. 2024లో ఆ బలగాలన్నీ ఎటు పరిగెత్తాయో గుర్తుంటే ఈ వాదనకు జవాబు అక్కడే దొరుకుతుంది. విజయవాడ మునిగిన రోజున పెనుమూడి వంతు ఎప్పటికో గానీ రాదు.

టెండరు పత్రాల్లో ఎక్కడా కనపడని విషయం మరొకటుంది: సర్కారు తుమ్మ. కరకట్ట వాలు నిండా అదే. గాలి తక్కువ పెట్టే పెద్ద టైర్లకు మెత్తదనమే బలం, ముల్లు దిగితే అదే బలహీనత. షెర్ప్ లాంటివి ఇంజను పొగతోనే టైర్లలో మళ్లీ గాలి నింపుకోగలవు, కాబట్టి చిన్న పంక్చరుకు ఆగవు. ఆ సౌకర్యం లేని బండిని మన కట్ట మీదికి తేకపోవడమే మేలు.

కంపెనీ చూపే వీడియోలో బండి ఎప్పుడూ మంచు మీదో, శుభ్రమైన చెరువులోనో ఉంటుంది. ప్రభుత్వం కొనదలిస్తే పరీక్ష ఇక్కడే పెట్టాలి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ట్రాక్టర్ల పట్టు, లాగే శక్తి కొలవడం తెలిసిన ఆచార్యులు అక్కడ ఉన్నారు. పెనుమూడి రేవులో నీళ్లున్న రోజు చూసి, నిండా ఇసుక బస్తాలు వేసి, కట్ట వాలు మీదికి నీళ్లలోంచి పదే పదే ఎక్కించాలి. కంపెనీ డ్రైవరు చేత కాదు, కోత మిషను నడిపే మనిషి చేత. ఎక్కినప్పుడల్లా బెల్టు, క్లచ్చు, నూనె ఎంత వేడెక్కాయో రాసుకోవాలి. విడిభాగాలు తెనాలిలో ఎన్ని రోజుల్లో దొరుకుతాయో కంపెనీ చేత రాయించుకోవాలి. నా అంచనాలో ఆ వాలు మీద బెల్టు బండి ముందుగా ఓడిపోతుంది, చేతి గేర్ల బండి డ్రైవరును బట్టి నెగ్గుతుంది, సీళ్లు సరిగా ఉన్న హైడ్రోస్టాటిక్ నిలబడుతుంది. ఈ అంచనా తప్పని పరీక్షలో తేలితే నెగ్గిన బండినే కొనండి. పరీక్ష లేకుండా మాత్రం ఏదీ కొనకండి.