యజమాని

నెల మొదటివారమున అద్దె చేతబట్టుకొని ‘యజమానిగారున్నారా?’ అని గడపవద్ద పిలుచువానికి, తాను యజ్ఞశాలలోని మాటను పలుకుచున్నానని తోచదు. దీక్ష వహించి, సొమ్ము వెచ్చించి, క్రతువు చేయించువాడు యజమానుడు. ఆహుతిని అగ్నిలో వేల్చుట అధ్వర్యుని పని. అది పడినప్పుడెల్ల ‘ఇది ఫలానా దేవతది, నాది కాదు’ అని చెప్పుకొనుట మాత్రము యజమానునిది. మీమాంసకులు ఆ విడుపునకే త్యాగమని పేరిడి, ద్రవ్యము, దేవత, త్యాగము అను మూటి కూడికను యాగమనిరి. నాది కాదనుటకై పీటమీద కూర్చున్నవాని పేరు, నాదని దస్తావేజు చూపువానికి బిరుదైనది! ఇంతటి పరిహాసమును ఏ కవియు బుద్ధిపూర్వకముగా చేసియుండడు.

బలి శబ్దము నడచిన దారియు నిట్టిదే. సంస్కృతమున దానికి కప్పము, కానుక అను అర్థములు కలవు. గుడిలో ధ్వజస్తంభము చెంతనున్న బలిపీఠముమీద, జిడ్డుపట్టి నల్లబడిన ఆ రాతిరేకులపై, అర్చకుడుంచునది పిడికెడన్నము. ఆయన వెనుదిరుగునంతలో ఉడుత యొకటి ప్రాకివచ్చును. పత్రికలలోని బలిపీఠమున నెత్తురు తప్ప మరేమియు కనబడదు. లారీ క్రింద పడిన ముగ్గురును అందు ‘బలి’యే, వారేమి యిచ్చిరి, ఎవరికిచ్చిరి? ఇక ఎన్నికల వేళ, మరియొక పదవి ఖాయము చేసికొని సీటు వదలినవాడు ‘త్యాగి’. ఈ రెండవదానిని అచ్చువేయుటకు సిరా యెట్లొప్పుకొనునో!

1952 అక్టోబరు 19వ తేదీన మద్రాసులో నిరాహారుడై కూర్చున్న పొట్టి శ్రీరాములు, 58వ దినమైన డిసెంబరు 15న ప్రాణములు విడిచినపుడు, తెలుగువారు ఆత్మార్పణమనిరి. ఆ ఉపవాసమును దీక్ష యనుటయు ఊరక పోలేదు. అక్కడ యజమానుడును, హోమద్రవ్యమును ఒక్కడే.

జాతరలో పొట్టేలును మొక్కుకొన్న రైతును మొరటువాడని ఈసడించువారు కలరు. జీవహింసను నేనును మెచ్చను. కాని అతడిచ్చునది తన పెరటిలో, తన చేతిమేత తిని పెరిగినది. అంతేకాదు: దానిమీద పసుపునీళ్లు చల్లి, అది ఒడలు జాడించువరకు కత్తి యెత్తరు. జాడించినదా, అమ్మవారు ఒప్పుకొన్నదందురు. ఒక్కొక్కప్పుడది తలవంచుకొని ఊరక నిలుచును. మరల నీళ్లు చల్లుదురు. డప్పులాగును, కత్తి పట్టినవాడు, రైతు, పిల్లలు, అందరును దానివంకనే చూచుచు నిలిచియుందురు.