చిలుకకూ టేకుచేపకూ ఒకే న్యాయం

సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి, కోదాడ ప్రాంతాలలో రామచిలుకను ఎరుగనివారు ఉండరు. కంకులు పాలుపోసుకునే వేళ చేలపై వాలే చిలుకల గుంపును రైతు అదిలిస్తాడు; పిల్లలు చూసి మురిసిపోతారు. మంచినీటి టేకుచేపను చూసినవారు మాత్రం అరుదు. ఒకటి ఆకాశంలో విహరించేది, మరొకటి నదీగర్భంలో దాగి ఉండేది. అయినప్పటికీ మనిషి చేతిలో ఈ రెండింటికీ కలిగే కష్టం ఒక్కటే.

తూర్పు కనుమల అడవులలో రామచిలుక కంటె ఎంతో చిన్నదైన మరొక చిలుక జాతి ఉన్నది. దాని పొడవు సుమారు 14 సెంటీమీటర్లు. అది గబ్బిలం వలె కొమ్మకు తలకిందులుగా వేలాడి నిద్రిస్తుంది. టేకుచేప ఇందుకు పూర్తిగా భిన్నమైనది. చేట వలె పలచని దేహంతో ఇసుకలో ఒదిగి ఉంటుంది. కన్నులు పైన, నోరు అడుగున ఉంటాయి. 2022 జూన్‌లో కంబోడియాలోని మెకాంగ్ నదిలో చిక్కిన ఒక టేకుచేప 300 కిలోల బరువు, దాదాపు 4 మీటర్ల పొడవు ఉన్నది. అప్పటికి నమోదైన మంచినీటి చేపలలో అదే అత్యంత బరువైనది. శాస్త్రజ్ఞులు దానికి గుర్తింపు పరికరం అమర్చి తిరిగి నదిలోనే విడిచిపెట్టారు.

చిలుకకు అందమే శత్రువు. ముద్దుగా పలుకుతుందని పంజరంలో బంధిస్తారు. రెక్కలు కత్తిరించి జోస్యం చెప్పిస్తారు. టేకుచేపకు దాని రూపమే శత్రువు. తోకపై విషపు ముల్లు ఉన్నదని భయపడతారు. ఆ ముల్లు ఆత్మరక్షణకే గాని దాడికి కాదు.

చట్టం ఈ భేదం పాటించలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. 2001లో గంగానది టేకుచేపను ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. భేదం ఉన్నది మన మనస్సులోనే. చెట్టు కూలితే చిలుక అరుపు మనకు వినిపిస్తుంది. ఇసుక తవ్వి, ఆనకట్టలు కట్టి నది స్వరూపాన్ని మార్చినప్పుడు అడుగున ఉన్న చేప మూగగా నశిస్తుంది.

చిలుకలు పంటకు చేటు చేస్తాయి కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. రైతు నష్టం నిజమే. కాని, చేనిని కాపాడుకోవడం వేరు, ప్రాణిని చెరపట్టడం వేరు.

అందమైనదాన్ని బంధించడం ప్రేమ కాదు. తెలియనిదాన్ని చంపడం ధైర్యం కాదు. కంటికి కనిపించే చిలుకపై చూపే దయను కనిపించని చేపకూ పంచగలిగిననాడే మన విద్యకు సార్థకత.