ఒక్క మాట కోసం యాభై నాలుగు ఎపిసోడ్లు

రాత్రి గిన్నెలు సర్ది, అత్తమ్మకు బీపీ గోళీ ఇచ్చి, పొద్దుటికి పప్పు నానబెట్టేసరికి పదవుతుంది. అప్పుడు మొదలవుతుంది నా రాజ్యం. చేతిలో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా చైనా రాజభవనం. మా ఆయన అటు తిరిగి పడుకుంటూ, "ఇయ్యాల ఎవరికి విషం పెడుతున్నరు?" అని నవ్వుతారు.

మా యారాలు ఇంకో మాటన్నది. "నలభై దాటినంక ఈ పగలు, కుట్రలు ఎందుకక్కా? ఇంట్ల ఉన్నయి సాలయా?" అని. నేనూ నవ్వి ఊరుకున్నాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, ఎందుకు చూస్తున్నట్టు?

ఈ అలవాటు హనుమకొండలో చదువుకుంటున్న మా అమ్మాయి చేసింది. సెలవులకు జనగామ వచ్చినప్పుడు 'స్టోరీ ఆఫ్ యాన్‌షీ ప్యాలెస్' పెట్టింది. 2018లో వచ్చిన సీరియల్, 70 ఎపిసోడ్లు. అక్క చావు వెనక నిజమేమిటో తెలుసుకోవడానికి వెయ్ ఇంగ్లువో అనే అమ్మాయి కుట్టుపని దాసిగా చియాన్‌లాంగ్ చక్రవర్తి కోటలో చేరుతుంది. చక్రవర్తి చరిత్రలో నిజంగా ఉన్నవాడే. ఈ పాత్రకు ఆధారమైన రాణి కూడా నిజమే, ఆమె కొడుకే తర్వాత చక్రవర్తి అయ్యాడు. పగ మాత్రం కథ కోసం అల్లింది. నాది బీఏ తెలుగు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ పరిగెత్తిపోతుంటే ఆపి, చదివి, మళ్లీ నడిపించుకుంటూ ముప్పావు గంట ఎపిసోడ్‌ను గంటన్నర చూసేదాన్ని.

తర్వాత చూసింది 'నిర్వాణ ఇన్ ఫైర్'. 2015 నాటిది, 54 ఎపిసోడ్లు. ఇక నుంచి కథ చెప్పేస్తున్నాను, చూడబోయేవాళ్లు క్షమించాలి. డెబ్బై వేల మంది సైన్యం మీద రాజద్రోహం నింద వేసి చంపేస్తారు. బతికి బయటపడ్డ ఒక యువ సేనాని, విషం విరుగుడుకు రూపమే మారిపోయి, పన్నెండేళ్లకు మెయ్ ఛాంగ్‌సు అనే కొత్త పేరుతో రాజధానికి వస్తాడు. కత్తి పట్టలేనంత జబ్బు మనిషి, చలికి వణుకుతూ కుంపటి దగ్గర కూర్చునే ఉంటాడు. బుద్ధిబలంతోనే ఒక్కో పావు కదుపుతాడు.

అతను కోరుకున్నది ఏమిటో తెలుసా? చక్రవర్తి ప్రాణం కాదు. ముసలి చక్రవర్తి పోయి, తమవాడు గద్దె ఎక్కాక తీర్పు తిరగరాయడం తేలిక. అది వద్దంటాడు. తప్పుడు తీర్పు ఇచ్చిన ఆ చక్రవర్తి బతికుండగానే, ఆయన హయాంలోనే, ఆ కేసు మళ్లీ విచారించాలి. చివరికి చక్రవర్తి పుట్టినరోజు సభలో, కుట్ర చేసినవాడి భార్య, ఆమె చక్రవర్తికి చెల్లెలే, నిలబడి భర్త రాసిచ్చిన నేరాంగీకారాన్ని అందరి ముందూ చదువుతుంది. సభలో ఒక్కొక్కరే లేచి విచారణ జరగాలంటారు.

ఆ రాత్రి నేను దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఎందుకో చెబుతాను.

మాకు పెళ్లయిన ఏడాదే, ఇరవై రెండేళ్ల కింద, మానుకోటలో మా వాళ్లింట్లో ఒక పెళ్లికి వెళ్లాం. ఇప్పుడు అందరూ మహబూబాబాద్ అంటున్నారు కానీ మా నోట్లో అది మానుకోటే. పోలు పొద్దున ఒకరి బుట్టకమ్మలు కనబడలేదు. ఇల్లంతా వెతికారు. అప్పుడు అత్తమ్మ, "కొత్త కోడలి పెట్టె గూడ సూడుండ్రి, ఎవరూ ఏమనుకోకుంట ఉంటది" అన్నది. ఇంటినిండా చుట్టాలున్నారు. నా సూట్‌కేసు తెరిచి ఒక్కో చీర దులిపి చూశారు. ఏమీ దొరకలేదు. సాయంత్రానికి కమ్మలు పరుపు మడతల్లో దొరికాయట. ఆ సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత మాటల మధ్య తెలిసింది. వెతికింది అందరి ముందు. దొరికింది మాత్రం గుసగుస.

భూపాలపల్లి దగ్గర మా పుట్టింటికి పోయి చెబితే మా అమ్మ, "దొరికినయి గదనే, ఇంకేంది?" అన్నది. ఇంకేందో నాకూ చెప్పడం రాలేదు. ఆ సీరియల్ చూశాకే అర్థమైంది. సభలో జరిగిన అవమానానికి సభలోనే జవాబు రావాలి.

ఇది చైనావాళ్లు కనిపెట్టిన సంగతేమీ కాదు. డిగ్రీలో సభాపర్వం చదువుకున్నప్పుడు మేమంతా ద్రౌపది చీర దగ్గరే ఆగిపోయాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె ముందు ఒక ప్రశ్న అడిగింది. తానే ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిదని. వికర్ణుడు, విదురుడు తప్ప ఆ సభలో ఎవరూ ఆమె పక్షాన మాట్లాడలేదు. అప్పుడే సభంతా తప్పు తప్పని చెప్పి ఉంటే కథ ఎలా నడిచేదో!

మరి కుట్రలెందుకు అంటారా? నోరు తెరిచి అడిగే దారి లేనిచోట పుడతాయవి. మా జిల్లా పాలకుర్తి ఐలమ్మను చూడండి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన భూమినీ పంటనూ కాపాడుకుంది. ఆమె చాటున గోతులు తవ్వలేదు, బాహాటంగానే కొట్లాడింది. ఆమె వెనక సంఘం ఉంది. కోటలో దాసికి ఎవరున్నారు? కొత్త కోడలికి ఎవరున్నారు?

అలాగని ఈ సీరియళ్లలో విషం లేదనను. 2019లో బీజింగ్ డెయిలీ పత్రిక, ఇవి విలాసాలనూ కుతంత్రాలనూ గొప్పగా చూపిస్తున్నాయని తప్పుపట్టింది. నా అనుభవం కూడా అదే. యాన్‌షీ ప్యాలెస్ చూస్తున్న రోజుల్లో మా యారాలు నా చీర బాగుందన్నా, దీని వెనక ఏముందో అనుకునేదాన్ని. పాపం, ఆమెకు చీరే నచ్చింది.

అసలు కుట్టింది ఇంకోటి. మెయ్ ఛాంగ్‌సు కోసం ఏడ్చిన నేనే మూడేళ్ల కింద ఏం చేశానో గుర్తొచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె మీద అయిదు వందల రూపాయల కోసం అనుమానపడ్డాను. ఆమె బిడ్డ కూడా పక్కనే ఉంది. "ఒకసారి సంచి చూపియ్యి" అన్నాను. చూపించింది. రెండు రోజులకు ఆ నోటు మా ఆయన ప్యాంటు జేబులో దొరికింది. ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆ పండక్కి కొంచెం మంచి చీర పెట్టి, లెక్క సరిపోయిందనుకున్నాను. నా కథలో నేను సేనాని. ఆమె కథలో నేనే చక్రవర్తి.

పోయిన వారం ఆమెకు చెప్పాను. "ఆ రోజు పైసలు మా ఇంట్లనే దొరికినయి. నిన్ను అనుమానించుడు నా తప్పు" అన్నాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, "నాకు తెల్సక్కా. గా మాట నా బిడ్డ ముందట అంటే మంచిగుండు" అన్నది. మర్నాడు బిడ్డను తీసుకురమ్మని, ఆ పిల్ల ముందు మళ్లీ చెప్పాను. గొంతు పెగలడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. పిల్ల ఏమీ అనలేదు, తల్లి కొంగు సర్దింది.

అత్తమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఇదంతా విన్నది. ఏమీ మాట్లాడలేదు. రాత్రి గోళీ ఇస్తే వేసుకుని పడుకున్నది. ఆమె కూడా ఒక్క మాట అంటే బాగుండునని నాకింకా ఉంది, అబద్ధమెందుకు? ఆమెకు ఎనభై దాటాయి. అడగాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు.

మీ ఇంట్లో ఎవరైనా అర్ధరాత్రి దాకా ఇలాంటి పగల కథలు చూస్తుంటే నవ్వకండి. ఆమె ఏ మాట కోసం ఎదురుచూస్తున్నదో ఒకసారి అడగండి. చూసేది మీరే అయితే, మీ మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అది కూడా చూసుకోండి.